ఎర్ర చుక్క, నీలి కుండ

ఊళ్ల వివరాలన్నీ దస్తావేజులను విడిచి కంప్యూటరు తెరలపైకి తరలివస్తున్న రెండువేల పదకొండవ సంవత్సరపు వేసవిలో, నారాయణఖేడ్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో కొలువు కుదిరి మూడు నెలలైనా నిండని హనోకు కూతురు జీవిత, మనూర్ మండలపు బోర్లన్నింటినీ తొలిసారిగా పటంలోకి ఎక్కించింది. మంచినీటి బోర్లకొక రంగు, ఫ్లోరైడు బోర్లకొక రంగు కావాలి. సాఫ్ట్‌వేరు తనంతట తానెంచిన రంగులను ఆమె అలాగే ఉంచేసింది.

ఆ మండలంలోని ఒక పల్లెలో పటాన్ని గోడకంటించగానే, నీళ్లకు పోతున్న ఇంద్రమ్మ బిందె దించి నిలబడింది.

"ఏంది బిడ్డా, మా మంచి బోరుకు ఎర్రచుక్క పెట్టినవ్? ఎర్రరంగు పూసేది ఖరాబు నీళ్ల బోరుకు గదా?"

"ఎరుపంటే మంచియని కింద రాసిన పెద్దమ్మా."

"సదువొస్తే నిన్నెందుకడుగుత? రేపట్నుంచి అందరు గా నీలిచుక్క బోరుకే పోతరు, జూడు."

తన పటాన్ని నమ్మి పసిబిడ్డలు పళ్లనూ ఎముకలనూ చెడగొట్టే ఆ ఫ్లోరైడు నీరు తాగితే పాపమెవరిదనుకుంది జీవిత. వెంటనే దానిని ఊడదీసి తీసుకుపోయి, మంచి బోర్లకు నీలి కుండబొమ్మను, చెడ్డవాటికి ఎర్రని అడ్డగీతలను అమర్చింది.

మరునాడు కొత్త పటం అంటించగానే ఇంద్రమ్మ అక్షరమైనా చదవకుండా తన బోరుమీద వేలుపెట్టింది.

"గిప్పుడు సమజైంది. గని కుండ జర చిన్నగైంది బిడ్డా, మా ఇంట్ల ఏడుగురం."

జీవిత పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే కుండలన్నీ పెద్దవయ్యాయి.

మెట్టభూములకు మేఘమాలను పంపే దయామయుడు జీవితను, ఆమె ఇంటివారినందరినీ ఆయురారోగ్యాలతో చల్లగా కాచుగాక.