కారు టాపు మీది పాపిడి

మా నీలం కారు మీద ఉన్న గుండ్రటి గీతలు మా బామ్మర్ది బిడ్డ పెండ్లిలో పడ్డవి కావు. బరాత్‌లో పోరగాండ్లు బానెట్ మీద ఎక్కి ఎగరలేదు. టాపు మీద డీజే డబ్బా పెట్టలేదు. ఇవన్నీ జరిగాయన్న మాటల్లో మొదటి రెండు అబద్ధాలు నావి. డీజే డబ్బా సంగతి నాకు కోరుట్లలో ఒకాయన చెప్పాడు, అది నా కారేనని తెలియక. నేను జగిత్యాలలో మొదలుపెట్టిన మాట కోరుట్ల దాకా పోయి, అంత పెరిగి, నాకే ఎదురొచ్చింది. అప్పుడు కూడా నేను కాదనలేదు. "గట్ల చేస్తరా ఎవలన్న?" అన్నాను.

మాది జగిత్యాలలో మోటరు పంపుల సామాన్ల దుకాణం. వెల్గటూర్ నుంచి, పెగడపల్లి నుంచి రైతులు వస్తారు. మోటరు విప్పి చూసేంతసేపు వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. రెండేళ్లు నేను చెప్పింది ఇదే. అందుకని జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడుతున్నాను.

కారు కొత్తది కాదు. కోరుట్లలో పాత కార్లు అమ్మే ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, బేరంలో రెండూ మాట్లాడతాడు. తాళం చేతికిస్తూ బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"చూడుర్రి సేటు, తెల్ల కారు మీద దుమ్ము వడ్తె దుమ్మే కనిపిస్తది. దీని మీద మీ చెయ్యి గూడ కనిపిస్తది. పహ్లే పానీ మారో, నీళ్లు గొట్టినంకనే బట్ట ముట్టుర్రి."

సరుకు అమ్మేవాడు సరుకును పొగుడుతున్నాడనుకున్నాను. నేను కూడా మోటర్ల గురించి ఇట్లాగే చెబుతాను.

మా వాడకు అవతల రైసు మిల్లులున్నాయి. వాటి పొగగొట్టాల్లోంచి కాలిన ఊక నుసి ఎగిరొచ్చి ఉతికిన బట్టల మీద, పెరట్లో ఆరబెట్టిన మిరపకాయల మీద, కారు మీద పడుతుంది. ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలాగా కరకరలాడుతుంది. నేను నలిపి చూసింది ఈమధ్యనే.

ఆదివారం పొద్దున గేటు ముందర కారు కడిగేవాణ్ణి. ఒకటే బకెట్టు. ముందు టైర్లు, తర్వాత డోర్లు, ఆఖరున బానెట్, టాపు. టైర్ల బురద కడిగిన బట్టను అదే నీళ్లలో పిండి అదే చేత్తో పైన రుద్దేవాణ్ణి. ఫోనులో వీడియోలు చూస్తే పైనుంచి కిందికి కడగాలని చెప్పారు. అది వానలెక్కువ పడే ఊళ్ల పద్ధతి అనుకున్నాను. ఎదురింటాయన పేపరు చదువుతూ తలెత్తేవాడు.

"ఏంది సేటు, తలంటు పోస్తున్నవా? కుంకుడుకాయలు తెచ్చియ్యాల్నా?"

"మా ఇంట్ల మనుషులకు గూడ గింత సోకు లేదు," అని నా భార్య లోపల్నుంచి అనేది.

నేను పొట్టివాణ్ణి. సీటు మీద దిండు వేసుకుని నడుపుతాను. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, ముందు ముందు దీనితో పనుంది.

నా భార్యది సిరిసిల్ల. వాళ్ల తాత చేతి మగ్గం నేసేవాడు, తండ్రి మరమగ్గాలకు మారాడు. ఇప్పుడు తమ్ముడు వాటిని నడుపుతున్నాడు. అక్కడ వాటిని సాంచాలంటారు. మా బామ్మర్ది మాత్రం పొడుగు మనిషి, నాలుగు సాంచాల చప్పుడును మించిన గొంతు. ఒకసారి మా ఇంటికి వస్తూ, నేతలో చెడిపోయిన గుడ్డ ముక్కలు ఒక సంచి నిండా బస్సులో వేసుకొచ్చి దుకాణంలో దించాడు.

"బావా, గీ తెల్లయి పత్తివి, కారుకు. గా నిగనిగలాడేటియి పాలిస్టరు. నీళ్లు గుంజయి. దుకాన్ల నేల తుడ్వనీకి వెట్టుకో."

నేను అప్పుడు పెగడపల్లి రైతుకు బేరింగు చూపిస్తున్నాను. "సరె సరె" అన్నాను. ఆ మాటల్లో నా చెవిలో నిలిచింది నిగనిగ ఒక్కటే. ఇంటికి తీసుకెళ్లి ముక్కలు వేరు చేశాను. తెల్లవి గరుకుగా, మాసినట్టుగా కనిపించాయి. వాటిని నేలకు పెట్టాను. మెరిసేవి మెత్తగా ఉన్నాయి. మెరిసే గుడ్డతో తుడిస్తే కారు మెరుస్తుందని నా లెక్క. ఈ లెక్కను నేను ఎవరితోనూ సరిచూసుకోలేదు.

తర్వాత వాళ్ల బిడ్డ పెండ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది ఎల్లారెడ్డిపేట. బామ్మర్ది నన్ను అడగడానికి మొహమాటపడి అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, బావను జర అడుగు. బిడ్డను అత్తగారింటికి బావ కార్ల సాగదోలుత. మంచిగ కనిపిస్తది."

నాకు గర్వమనిపించింది. అడగకముందే ఇచ్చేవాణ్ణని చెప్పాను.

పెండ్లికి ముందురోజు కారుకు వ్యాక్స్ పాలిష్ పెడదామని కూర్చున్నాను. మోటరు సామాన్లు అమ్మేవాడి ఇంట్లో ఆ రోజే బోరు మోటరు కాలిపోయింది. దుకాణానికి పోయి సామాను తెచ్చి బాగుచేసుకోవచ్చు. పాలిష్ అయ్యాక చూద్దామనుకున్నాను. నా భార్య వంటకు దాచుకున్న నీళ్లలోంచి ఒక బకెట్టు తీసుకుని, గుడ్డ తడిపి కారంతా తుడిచాను. ఊక నుసి పోయిందనిపించింది. అది పోలేదు, పక్కకు జరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో డబ్బా మూత తీసి వ్యాక్స్ పూసి, అన్నం తిని వద్దామని లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి అది కంచంలో ఎండిన పెరుగన్నంలాగా తెల్లగా గట్టిపడింది. నిగనిగలాడే గుడ్డ తీసుకుని గుండ్రంగా, బలంగా రుద్దాను. ఆ చివర, ఈ చివర, చెయ్యి అందినంత మేర రుద్దాను. చెమటలు కారాయి. సాయంత్రానికి బానెట్‌లో నా మొహం కనిపించింది. ఎదురింటాయన కూడా పేపరు మడిచి వచ్చి చూసుకుని మీసం సర్దుకున్నాడు.

పెండ్లిలో పిల్ల ఏ రంగు చీర కట్టుకుందో నాకు గుర్తులేదు. కారు మీద బంతిపూల దండలు ఏ వైపు జారాయో గుర్తుంది. టాపు మీద నడిమధ్యలో పూలన్నీ కుప్పగా పోసి, చుట్టూ దండలు కట్టారు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను, "డోరు మెల్లగ, డోరు మెల్లగ," అన్నాను.

పెండ్లి హడావుడి సద్దుమణిగాక, నేను వాళ్ల దగ్గరే వదిలి వచ్చిన కారు తీసుకుని బామ్మర్ది జగిత్యాల వచ్చాడు. లడ్డూల సంచి అక్క చేతికిచ్చి, కూర్చోకుండానే లుంగీ ఎగగట్టి పైపు పట్టాడు. పూల మరకలతో బావకు కారు అప్పగించడం బాగుండదని సబ్బు నీళ్లతో శుభ్రంగా కడిగాడు. లోపల నా భార్య మక్కగారెలకు నూనె పెట్టింది, తమ్ముడికి ఇష్టమని.

నీళ్లు ఆరాయి. ఎండ సూటిగా బానెట్ మీద పడింది. సాలెగూడు మీద వెలుగు పడినట్టు బానెట్ నిండా గుండ్రటి గీతలు మెరిశాయి.

ఇప్పుడు నాకు తెలిసింది ఏమిటంటే, వ్యాక్స్ సన్న గీతల్లో నిండి వాటిని కొన్నాళ్లు దాస్తుంది. సబ్బుతో గట్టిగా కడిగితే పోతుంది. అంటే అతను గీతలు పెట్టలేదు, నేను దాచిపెట్టినవి బయటికి తీశాడు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: కారు సిరిసిల్లకు పోకముందు నా మొహం కనిపించింది, ఇప్పుడు కనిపించడం లేదు.

"పెండ్లికని కారిస్తే పెంక గీకినట్టు గీకి తెచ్చినవ్ గదరా!" అన్నాను. ఎదురింటాయన పేపరు దించాడు.

"ఏం గీకినం బావా? పూలు వెట్టినం. పూలు గీకుతయా?"

"పోరగాండ్లు ఎక్కిండ్రు కావచ్చు. తాగి ఎగిరిండ్రు కావచ్చు. నీకు కనిపించిందా?"

"నా బిడ్డ కూసున్న కారు మీద ఎవలు ఎక్కుతరు? నేను ముంగట నడ్సుకుంట పోయిన."

"మరి గీతలు ఆకాశంల నుంచి వడ్డయా?"

అతను పైపు చుట్టి గోడకు తగిలించాడు. లుంగీ దించుకున్నాడు. "అక్కా, పోతున్న," అన్నాడు. నా భార్య జల్లిగంటె చేత్తోనే వాకిట్లోకి వచ్చింది.

"గారెలు అయినయిరా, తిని పో."

"ఆకలి లేదక్కా."

కారులో వచ్చినవాడు బస్టాండుకు నడిచిపోయాడు. గారెలు నేను తిన్నాను. బాగున్నాయి. అది కూడా రాయాలి.

ఆ తర్వాత రాఖీ పున్నానికి అతను మా ఇంటికి రాలేదు. అంతకుముందు ఏ సంవత్సరమూ ఆపలేదు. నా భార్య బస్సులో సిరిసిల్ల పోయి రాఖీ కట్టి, బస్సులోనే తిరిగి వచ్చింది. నేను ఆమెను బస్టాండు దాకా కారులో దించాను. తర్వాతి ఏడాది కూడా అంతే. మక్కగారెలు ఆమె మా ఇంట్లో మళ్లీ చెయ్యలేదు.

ఈ ఏడాది వానలకు ముందు పావురాలు కారు టాపు మీద నడిమధ్యలో రెట్ట వేశాయి. మామూలుగా అక్కడికి నా చెయ్యి అందదు. దూరం నుంచి పైపుతో నీళ్లు కొట్టి వదిలేస్తాను. అది ఎండిపోయి వదల్లేదు. ఇంట్లోంచి స్టూలు తెచ్చుకుని ఎక్కాను.

పైనుంచి చూస్తే టాపుకు రెండు వైపులా గుండ్రటి గీతలు. మధ్యలో మాత్రం, ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా, దువ్విన తలలో పాపిడిలాగా ఒక పట్టీ. దాని మీద ఒక్క గీత లేదు. దాంట్లో ఆకాశం కనిపిస్తోంది.

స్టూలు దిగి కారుకు ఈ పక్క నిలబడి చెయ్యి చాపాను. నా వేళ్లు పాపిడి అంచు దాకా వచ్చి ఆగాయి. ఆ పక్కకు పోయి చాపాను. అక్కడా అంచులోనే ఆగాయి. పెండ్లిలో పూలన్నీ పోసింది ఆ మధ్యలోనే. పెండ్లివాళ్లు తుడిచో, గీకో ఉంటే ముందు అక్కడే గీతలు పడాలి. పైగా సిరిసిల్లలో నాకన్నా పొట్టివాణ్ణి నేను చూడలేదు.

మళ్లీ ఒకసారి చాపి చూశాను. నా చెయ్యి పెరగలేదు.

నా భార్య వాకిట్లోకి వచ్చి, "ఏం కొలుస్తున్నవ్?" అంది. చూపించాను. ఆమె స్టూలెక్కి చూసింది, నా చెయ్యి చూసింది, దిగి నేను కారుకు వాడే గుడ్డ పట్టుకుని లోపలికి పోయింది. ఒక పోగు లాగి పొయ్యి మంటకు పెట్టింది. అది ముడుచుకుపోయి నల్లటి చిన్న ఉండ అయింది.

"పత్తి అయితె బూడిదైతది. గిది పాలిస్టరు. వాడు నేలకు వెట్టుమన్నది గిదేనా?"

"అవును."

"మరి పత్తి ముక్కలేవి?"

వాటితో నేను దుకాణం తుడుస్తున్నాను. దుకాణంలో బండలు అద్దంలా ఉన్నాయి. ఆ మాట చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్? వానికి చెప్పు," అంది.

ఈసారి రాఖీ పున్నానికి ఆమెను బస్టాండులో దించలేదు. సిరిసిల్ల దాకా తీసుకెళ్లాను. వాళ్ల ఇంటి ముందర గదిలోనే సాంచాలు. పండుగైనా నడుస్తున్నాయి. బామ్మర్ది తెగిన పోగు ముడేస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"గా గీతలు నావే!" అన్నాను.

చప్పుడులో వినబడక చెయ్యి చెవి దగ్గర పెట్టాడు. ఇంకా గట్టిగా చెప్పాను. లోపల పనిచేస్తున్న మనిషి ఏదో కొట్లాటనుకుని సాంచాలు బందు చేశాడు. నేను అప్పటికే మూడోసారి మొదలుపెట్టాను. ఆ వాడలో వినాల్సినవాళ్లూ అక్కర్లేనివాళ్లూ అందరూ విన్నారు.

అతను బయటికి నడిచాడు. పాపిడి చూశాడు. నన్ను కారు పక్కన నిలబెట్టి చెయ్యి చాపించాడు. తర్వాత తన చెయ్యి చాపితే అది పాపిడి దాటి అవతలి వైపు గీతల మీద పడింది.

"బావా, నువ్వు పొట్టోనివని మాకు పెండ్లిచూపులప్పుడే తెల్సు. గింత పనికొస్తదని తెల్వది."

వాడవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"నాకు చెప్తె ఏం ఫాయిద? వెల్గటూర్ల మా మేనత్త అడిగింది, బరాత్‌ల బావ కారు ఆగం చేసిండ్రట గదరా అని. నా బిడ్డను అత్తగారింట్ల గూడ అడిగిండ్రు. తాగిన పోరగాండ్లు మీ దిక్కోళ్లా, మా దిక్కోళ్లా అని వాళ్లు కొట్లాడుకున్నరు. లేని పోరగాండ్ల కోసం! యాడ యాడ చెప్పినవో గాడ చెప్పు. అప్పుడొస్త."

నా భార్య రాఖీ కట్టింది. నాకు చాయ్ ఇచ్చారు.

ముందు ఎల్లారెడ్డిపేట పోయి బామ్మర్ది వియ్యంకుల ముందు చెప్పాను. మీ దిక్కు పోరగాండ్లు లేరు, మా దిక్కు పోరగాండ్లు లేరు, ఉన్నది నేనొక్కణ్ణే అన్నాను. బామ్మర్ది బిడ్డ మంచినీళ్లిచ్చి, "గీ ముచ్చట జర ముందుగాల చెప్తె అయిపోవు గద మామా," అంది. వెల్గటూర్‌లో మేనత్త అంతా విని, "నువ్వు మంచోనివి బిడ్డా, వాని తప్పు నీ మీద ఏసుకుంటున్నవ్," అంది. ఆమెకు పాపిడి చూపించడానికి మంచం తెప్పించి ఎక్కించాల్సి వచ్చింది. కోరుట్లలో డీజే డబ్బా సంగతి చెప్పినాయనకు నిజం నచ్చలేదు. డబ్బానే బాగుందన్నాడు. దుకాణానికి వచ్చిన రైతులకు మోటరు విప్పుతూ చెప్పాను. పెగడపల్లి రైతు, "అయితె మోటరు ఖరాబైంది గూడ నీ తోనేనా?" అన్నాడు.

ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో నాకు తెలియదు. తప్పు చెప్పినంత సులువుగా ఒప్పు చెప్పడం కుదరలేదు. అందుకే ఇది రాయడం.

మొన్న ఆదివారం కారు కడుగుతున్నాను. ముందు టాపు, టైర్లు ఆఖరున, రెండు బకెట్లు. మా బామ్మర్ది ఒక సంచి భుజాన వేసుకుని గేటు తీసుకుని వచ్చాడు. సంచిలో అన్నీ తెల్ల ముక్కలే. మెరిసేవి ఏరేసి తెచ్చాడు. ఎదురింటాయన పేపరు పూర్తిగా మడిచి పక్కన పెట్టాడు.

నేను ఇటు పక్క తుడిచాను, అతను అటు పక్క. నడిమధ్య పాపిడి అతనే తుడిచాడు. పని అయ్యాక గుడ్డ పిండి గోడ మీద ఆరేసి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కున్నాడు.

"అక్కా, ఆకలైతుంది," అన్నాడు.