పిచ్చుక నోట రాని మాట

మా పై వాటాలో ఉండే లిఫ్టు మెకానిక్ ఒకసారి నిండా జనమున్న లిఫ్టు కిందకి జారిపోతుంటే పళ్లతో పట్టుకుని ఆపాడు. సరే, పళ్లతో కాదు, ఎడమచేత్తో. లిఫ్టులో జనమూ లేరు. ఆ మాటకొస్తే అతను లిఫ్టును పట్టుకోలేదు, లిఫ్టు తాడే అతన్ని పట్టుకుంది. అబద్ధం పాపమని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు గానీ అది ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను.

మెకానిక్‌ది మీసం ఎక్కువ, మాట తక్కువ. పొట్టచేత పట్టుకుని పరాయి దేశం వచ్చినవాడు. లిఫ్టు తిరిగే చీకటి గోతిలో, గ్రీజు పూసిన ఉక్కు తాళ్ల మధ్య నిలబడి హాయిగా ఈల వేసుకునే మనిషి, తివాచీ పరిచిన ఆఫీసు గదిలోకి అడుగుపెడితే మాత్రం బిక్కచచ్చిపోతాడు.

అతను పెళ్లాడింది బట్టలు కుట్టే ఒకావిడని. ఆమె మొదటి భర్త కట్టడం పనిలో పరంజా మీంచి పడి చనిపోయాడు. ఆమెతోపాటు ఏడేళ్ల కూతురు వచ్చింది. ఉబ్బసం పిల్ల, ఊపిరి తీసుకుంటే గొంతులో కిచకిచమంటుంది. అందుకని మేమంతా పిచ్చుక అంటాం.

బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్ల కుటుంబాలకు కంపెనీ ఒక కార్డు ఇస్తుంది. ఆస్పత్రి ఖర్చుకీ, ఈ దేశంలో ఉండడానికీ ఆ కార్డే ఆధారం. భార్య మొదటి పెళ్లి పిల్లలకూ ఇస్తారు, కాకపోతే ఆ పిల్ల ఉద్యోగి బిడ్డగానే పెరుగుతోందని కంపెనీకి నమ్మకం కుదరాలి. కుదరకపోతే పిచ్చుక నెలాఖరుకి దేశం విడిచి వెళ్లాలి. వెళితే ఎవరి దగ్గరికి? అక్కడ మిగిలింది కన్నతండ్రి తమ్ముడొక్కడే. అన్న పోయిన వారానికే ఫోను నంబరు మార్చేసిన మహానుభావుడు.

కంపెనీ ఆఫీసుకి నన్నూ తోడు రమ్మన్నాడు. "తాతయ్యా, మీరు పక్కన కూర్చుంటే చాలు, మాట్లాడకండి," అని మరీ చెప్పి తీసుకెళ్లాడు. బల్లకి అటువైపు ఒక మేడమ్, బల్ల మీద ఒక ఫోను. ఆవిడ భాషని తెలుగులోకీ, మన తెలుగుని ఆవిడ భాషలోకీ మార్చే దుభాషి ఎక్కడో కూర్చుని ఆ ఫోనులోంచి మాట్లాడుతున్నాడు.

"ఈయన నీకేమవుతారమ్మా?" అని ఫోను అడిగింది.

"బాబాయ్," అంది పిచ్చుక.

పెళ్లయిన రోజు వాళ్లమ్మ అలా పిలవమంది, పిల్ల అలాగే పిలుస్తోంది. దుభాషి తన పని తాను చేశాడు. బాబాయ్ అంటే తండ్రి తమ్ముడని చెప్పాడు. మేడమ్ కలం ఆగిపోయింది. అన్న కూతురు కంపెనీ దృష్టిలో సొంత బిడ్డ కాదు. కార్డు కోసం అన్న కూతుర్ని బిడ్డగా చూపిస్తే ఉద్యోగమే పోతుంది. పెళ్లి కాగితాలున్నాయి కదా అని మెకానిక్ గొణిగాడు. కాగితాలు పెద్దవాళ్లు తెస్తారు, సంగతి పిల్లలు చెబుతారు అందావిడ. గురువారం మళ్లీ రమ్మంది.

ఆ రోజు నుంచి మెకానిక్ ఈల వినబడలేదు. అన్నం కలిపి, తినకుండా కూర్చునేవాడట. బుధవారం పొద్దున పనికి బయల్దేరుతూ పిచ్చుక ముందు గొంతుక్కూర్చుని, రేపు ఒక్కసారి నాన్న అనమని అడిగాడు. ఇప్పుడోసారి అని చూపించమన్నాడు. వాళ్లావిడ కుట్టుమిషన్ ఆపేసింది. పిల్ల నేల చూపులు చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా అంది.

ఆ సంతోషంలో, పడిపోకుండా ఆపే నడుము బెల్టు కొక్కెం తగిలించడం మరిచాడు. మధ్యాహ్నం లిఫ్టు నెత్తి మీద నూనె చుక్క తొక్కి జారాడు. కాళ్ల కింద తొమ్మిది అంతస్తుల చీకటి. చేతికందిన తాడు పట్టుకున్నాడు గనక బతికాడు. అరచెయ్యి చీరుకుపోయింది.

సాయంత్రం ఆ కట్టు చూడగానే పిచ్చుక ముఖం పాలిపోయింది. ఊపిరందక గొంతు కూత పెట్టింది. వాళ్లమ్మ మందు పీల్పించాక, గోడకి అతుక్కుపోయి, "నేనన్నాను కదా, అందుకే," అంది. "నాన్న అంటే పడిపోతారు."

మెకానిక్ అక్కడే చతికిలబడ్డాడు. పిల్లి ఎదురొచ్చినా లెక్కచేయని మనిషి. ఆ పూట మాత్రం, పిల్ల చెప్పింది నిజమేమోనని భయపడ్డాడు. ఇక ఆ మాట అనమని అడగలేడు. అడగకపోతే పిల్ల దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. గోతిలోనే ఉద్యోగం చేసేవాడికి ఆ రోజే సామెత అర్థమైంది.

గురువారం అదే గది, అదే ఫోను, అదే గొంతు. ఈయన నీకేమవుతారని అడిగింది. మెకానిక్ తల వంచుకున్నాడు. పిచ్చుక అతని కట్టు అంచు పట్టుకుని, "బాబాయ్," అంది.

"నాన్న కాదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"తల ఊపితే నాకు కనబడదు తల్లీ. నోటితో చెప్పు."

పిచ్చుక కుర్చీ దిగి వెళ్లి, ఫోనుకి నోరు ఆనించినంత దగ్గరగా వంగి, గుసగుసగా చెప్పింది. "నాన్న అంటే పైనుంచి పడిపోతారు. ముందటి నాన్న అలాగే పడిపోయారు. నిన్న ఈయన్ని ఒక్కసారి అన్నాను, చెయ్యి తెగింది. ఇంక అనను. మీరూ అనకండి."

లైను తెగిందేమోనని మేడమ్ ఫోనుని వేలితో తట్టింది. అప్పుడు దుభాషి మేడమ్‌తో కాక, పిల్లతోనే తెలుగులో అన్నాడు. "మాది ఉమ్మడి కుటుంబం తల్లీ. పెదనాన్న పిల్లల్ని చూసి నేనూ మా నాన్నని బాబాయ్ అనే పిలిచేవాణ్ని. ఆయన పోయేదాకా బాబాయే."

ఆ తర్వాత మేడమ్‌కి ఆమె భాషలో చాలాసేపు చెప్పాడు. ఆవిడ పిల్లనీ, కట్టునీ మార్చి మార్చి చూసి, కబురు పంపుతాం, వెళ్లమంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

కబురు వచ్చేవరకు ఆ ఇంట్లో ఎవరూ గుండెనిండా ఊపిరి తీసుకోలేదు. తలుపు చప్పుడైతే వాళ్లావిడ పిల్లని లోపలి గదిలోకి పంపేసేది. ఒకసారి తలుపు కొట్టింది నేనే. ఆవిడ తెరవలేదు.

చివరికి కార్డు వచ్చింది. దాని మీద 'కూతురు' అనే ఉంది. అది ఒక్క ఏడాదికే, పైఏడు మళ్లీ అడుగుతారట. పిచ్చుక మాత్రం రోజూ పొద్దున గుమ్మం దగ్గర నిలబడి, అతని బెల్టు కొక్కెం లాగి చూస్తుంది. ఆరునూరైనా అది లాగి చూడందే బయటికి పోనివ్వదు.

ఇదంతా రాసి మెకానిక్‌కి చదివి వినిపించాను. కొక్కెం తుడుచుకుంటూ విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు. నేను జారనూ లేదు, నాకు భయం వేయనూ లేదు. ఆ ఆఫీసుకి మీరసలు రానే లేదు, తాతయ్యా," అన్నాడు.