యుద్ధం రూపాయలు

మొన్న గుంటూరులో ఒక కల్యాణమండపంలో పాత నాణేల ప్రదర్శన పెట్టారంటే మనవరాలు నన్ను కూడా తీసుకువెళ్లింది. అద్దాల పెట్టెలో రాజు తల ఉన్న యుద్ధకాలపు రూపాయి ఒకటి ఉంది. ఎవరో పెద్దమనిషి దాని ముందు నిలబడి అంచునూ రంగునూ మెచ్చుకుంటుంటే నేను వెనక్కి తిరిగి, గోడవారన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. ఎండకు అనుకుని పిల్ల నన్ను బయటికి తెచ్చి మజ్జిగ తాగించింది. ఎండ కాదని దానికి ఎలా చెప్పను?

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండో యుద్ధం నడుస్తుండగా దొరలు రూపాయిలో వెండి సగానికి తగ్గించి, మిగతాది రాగీ అదీ ఇదీ కలిపారు. చూపుకి అదే రూపాయి, అదే బరువు. కానీ చేతులు మారి అరిగేకొద్దీ పసుపు తిరిగేది. అంతకుముందు రూపాయలు మాత్రం దాదాపు అచ్చమైన వెండి, కరిగిస్తే రెట్టింపు ధర పలికేవి. నయాపైసలు వచ్చిన కొత్తలో మా బాబాయి ఊరూరా తిరిగి ఆ పాత రూపాయలను కొనే పని పెట్టుకున్నాడు. రూపాయిని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు, తుపుక్కున దాని మీద ఉమ్మి పంచె అంచుతో రుద్ది రంగు చూసేవాడు, ఆ తడి ఆరకముందే తిరిగి ఆడవాళ్ల చేతిలో పెట్టేవాడు.

నేను అప్పుడే ప్రత్తిపాడులో పంతులమ్మగా చేరాను. సెలవు రోజుల్లో నన్ను వెంట రమ్మనేవాడు. నాణెం మీద ఇంగ్లీషు చదవడానికని చెప్పేవాడుగానీ, పంతులమ్మ పక్కన ఉంటే ఆడవాళ్లు నమ్మి పెట్టెలు తెరుస్తారన్నది అసలు సంగతి. అది నాకూ తెలుసు. తెలిసే వెళ్లేదాన్ని, ఇంట్లో ఎవరూ చేయని మర్యాద ఆయన చేసేవాడు కనుక.

ఒక ఏడు మిరప కోతలకు పొదిలి వైపు నుంచి వచ్చిన కూలీలలో ఒక అవ్వ మెడలో పన్నెండు రూపాయల దండ ఉంది, వాళ్లమ్మ ఇచ్చినదట. బాబాయి కల్లం దగ్గరే కూర్చుని, ఇవన్నీ యుద్ధం రూపాయలేననీ, సగం రాగేననీ, కొన్నాళ్లకు పాత రూపాయలు చెల్లవనీ, ఇప్పుడైతే రూపాయికి రూపాయి ఇస్తాననీ చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

“చదువుకున్నదానివి, నువ్వు చూసి చెప్పమ్మా. ఇవి యుద్ధం నాటివేనా?”

చూశాను. ఒక్కటి తప్ప అన్నీ మొదటి యుద్ధం నాటివి. అచ్చమైన వెండి.

“యుద్ధం నాటివే అవ్వా” అన్నాను.

మిరప ఘాటుకు మండి ఎర్రబడిన వేళ్లతో ఆమె దండ తాడు విప్పింది. అమ్మ గుర్తుగా ఒక్కటి ఉంచుకుంటానంటే బాబాయి మహా దయతో వెతికి, ఆ పసుపు తిరిగిన ఒక్కదాన్నే తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నన్ను చల్లగా ఉండమంది. దారిలో బాబాయి, అబద్ధం ఆడకుండానే పని జరిపించావని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన ఉమ్మి కన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ రోత.

ఆ వెండిలోంచే నాకొక కుంకుమ భరిణ చేయించి ఇచ్చాడు, నేను తీసుకున్నాను.

మరుసటి ఏడు కోతలకు వచ్చినప్పుడు అవ్వ బడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో మిగిలిన ఆ రూపాయిని కంసాలికి చూపిస్తే, యుద్ధం రూపాయంటే ఎలా ఉంటుందో అతను చెప్పాడట. పిల్లల ముందు గొంతు పెంచలేదు. నేను బాబాయి పేరు చెప్పబోయాను.

“ఆయన్ని నేను నమ్మలేదమ్మా. నిన్ను నమ్మాను” అంది.

బడి పక్కనే నేనుంటున్న గదికి పరుగెత్తి భరిణ తెచ్చి ఇవ్వబోతే ముట్టుకోలేదు. తిరిగి పొలం వైపు వెళ్లిపోయింది. నేను మళ్లీ బాబాయి వెంట వెళ్లలేదు. ఎందుకని ఆయన అడగనూ లేదు. మేడ కట్టి, పదిమందిలో పెద్దమనిషిగానే పోయాడు. నేను బళ్లో ఏళ్ల తరబడి సత్యమే పలకవలెనని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత దిద్దించాను.

ఇప్పుడు కూలికొచ్చిన ఆడపిల్లలే ఫోనులో వెండి ధర చూసుకుంటున్నారు, ఎవరినీ అడగనక్కరలేదు. మంచిదే. కానీ ఆ రోజుల్లో ఉత్తరమో కాగితమో పట్టుకుని మన గడప ఎక్కిన మనిషికి, అక్షరం వచ్చినవాళ్లు మోసం చేయరని ఒక ధీమా ఉండేది. కాలం మారి అది పోయిందని మనవాళ్లు బాధపడుతుంటే నేను మాత్రం నోరు మెదపను. కాలం దాకా ఎందుకు, నేనున్నానుగా.