అవ్వ ఆనించిన ఒక్క వేలు

ఊరంతా చూస్తుండగా నేను గాలిలో వేలాడిన రోజు గురించి చెబుతాను. నా పరువు పోయిన కథే, మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మహిళా పోలీసు ఉద్యోగానికి కర్నూలులో కోచింగ్ తీసుకుంటానంటే నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"బిందె మోస్తేనే ఆయాసపడతావు, నువ్వు దొంగల్ని పడతావా? కోతల పండగ నాడు చర్చి కాడ పిలకాయలు ఊగే ఇనుప కడ్డీకి యాలాడి, ఒక్కసారి గడ్డం కడ్డీ పైకి తే. నేనే బస్సెక్కిస్తా."

నాకు పౌరుషం వచ్చింది. గొడ్లపాకలో గోడవారగా ఇనుప పైపు కట్టాను. నేను గోడవైపు తిరిగి వేలాడితే, నాన్నను కన్న మా అవ్వ వెనక నిలబడి కాళ్లు పట్టి లేపేది. వారంవారం ఆ సాయం తగ్గించుకుంటూ పోవాలని నా పథకం. క్యాలెండరు మీద రాసుకున్నాను కూడా: మొదటి వారం రెండు చేతులు, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత నాలుగు వేళ్లు.

"వదుల్తాండావా అవ్వా?"

"యాడ పట్టుకున్యా మే? ఒక్క యేలు ఆనించినా, అంతే. కిందికి సూడాకు, మెడ పట్టేస్తాది."

ఆరో వారం క్యాలెండరు మీద "ఒక్క వేలు" అని రాసి, అద్దం ముందు కండలు చూసుకున్నాను. కనబడలేదు. అద్దం పాతదిలే అనుకున్నాను!

పండగ రోజు ఆరాధన అయింది, కానుకగా వచ్చిన గుమ్మడికాయల వేలంపాట అయింది. అందరూ కడ్డీ చుట్టూ చేరారు. నేను ఎగిరి పట్టుకున్నాను. చేతులు నావి కానట్టే ఉండిపోయాయి.

"ఎక్కు పాపా!" అని నాన్న అరిచాడు.

"ఎక్కుతాండా నాయనా!"

"యాడ ఎక్కుతాండావు? జారుతాండావు!"

కర్నూలు బస్సు కళ్లముందే వెళ్లిపోతున్నట్టనిపించి ఏడుపొచ్చింది. అంతలో నేను లేచాను! గడ్డం కడ్డీ దాటింది. చప్పట్లు, ఈలలు, ఆ వెంటనే పగలబడి నవ్వులు. మొదటిసారి కిందికి చూశాను. కొంగు నడుముకు దోపి, నా పాదాలు రెండూ భుజాల మీద పెట్టుకుని, అవ్వ.

"పాకలో ఒక్క యేలే అన్నావు కదే!"

"యేలు ఒకటే ఆనించినా మే. బుజం సంగతి నువ్వు అడగల్యా."

"ఎందుకట్ల చేసినావే?"

"ఎక్కలేకపోతే మొగం చిన్నబుచ్చుకుంటావు. నాకు సూడబుద్ది గాల్యా."

ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా కళ్లు చెమ్మగిల్లుతాయి. అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ఇంక కర్నూలు కలే అనుకున్నాను.

"రేపు ఇద్దురూ బస్సెక్కండి. ఉద్యోగం ఎట్లాగూ మీ అవ్వకే వస్తాది, నువ్వు తోడుండు" అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: నా బలం కొలిచే పనిని, నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి ఈ జన్మలో అప్పగించను. ఒంటరిగా కడ్డీ పట్టుకున్నప్పుడల్లా ఆ ఒట్టు తప్పాలనిపిస్తుంది. తప్పుదామంటే, కింద నిలబడ్డానికి ఇప్పుడు అవ్వ లేదు.