మబ్బుకు అడ్డం వచ్చిన మనిషి

భూపతి కెమెరాకు మనుషులు కనబడరు. ఆర్మూర్‌లో ముప్పై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న మనిషికి ఇది చిన్న లోపమేమీ కాదు. ఎదురుగా పెళ్లికూతురు ముస్తాబై నిలబడినా సరే, ఆయన చూపు ఆమె తల మీదుగా పోయి ఆకాశంలో ఆగుతుంది. అక్కడ మబ్బు ఉందా, ఇక అంతే. "జర పక్కకు జరుగుండ్రి, మబ్బుకు అడ్డమొస్తున్నరు" అంటాడు.

లోకేశ్ పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు ఆయన షామియానా వెనక ఉన్నాడు. ఆల్బమ్‌లో ఆ పేజీ నిండా ఒక నల్లమబ్బు. లోకేశ్ స్టూడియోకి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, జీలకర్ర బెల్లం ఏదే?"

"గిదే. టైం చూడు, పదీ నలభై రెండు."

"మరి నేనేడున్న?"

"గీ మబ్బు కిందనే ఉన్నవు."

భూపతికి అన్న కోడలు వాణి, ఉండేది ఒకే ఇంట్లో. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది, నాలుగేళ్ల వర్షితకు తల్లి. ఈ రెండూ కలిసిన చోట నిద్ర ఉండదు. ఉరిమితే చాలు, మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడుతో భాగించి, పిడుగు పిల్లకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తేల్చుకుంటుంది. ఆమెకు మామ మీద ఒకటే ఫిర్యాదు. వర్షిత పుట్టినరోజులు నాలుగూ ఆయనే తీశాడు. నాలుగింటిలోనూ కేకు లేదు. మూడోదాంట్లో మాత్రం కింద మూలన పిల్ల రిబ్బన్ కొస ఉంది.

"మామా, కనీసం మొఖమన్న రావాలె గద."

"మొఖం ఏడికి పోతది వాణీ, రేపు గూడ ఉంటది. గా మబ్బు మల్ల వస్తదా?"

చదువుకున్నది కాబట్టి వాణికి జవాబు తెలుసు. రాదు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

అసలు తంటా మూడేళ్ల కింద పసుపు దగ్గర వచ్చింది. ఆలూర్ దారిలో వాళ్ల డాబా ఎదురుగానే కల్లం. ఉడికించిన కొమ్ములు అక్కడ పదిహేను రోజులు ఎండాలి, తడిస్తే రంగు పోతుంది. భూపతి డాబా ఎక్కి కెమెరా లేపితే వాన వస్తుందని ఎవరో అన్నారు, కల్లమంతా నమ్మింది. ఆయన కెమెరా లేపడం, వాళ్లు టార్పాలిన్లు లాగడం. ఆయన తీసేది అందమైన మబ్బును, అది కురుస్తుందో లేదో ఆయనకెందుకు? అరవై దాటిన ఒంటరి మనిషి సాయవ్వ, మోకాళ్ల నొప్పులతోనే ఒక్కరోజులో మూడుసార్లు కప్పి మూడుసార్లు విప్పింది. నడుం మీద చేతులు పెట్టుకుని డాబా వైపు చూసింది.

"ఓ భూపతీ, నా పానం తీద్దామనుకున్నవా?"

"నేను మబ్బును చూస్తున్న అక్కా. నువ్వు నన్నెందుకు చూస్తున్నవు?"

"మబ్బును చూసి సమజ్ చేసుకునే తీరిక నాకేడిది? నిన్ను చూసుడే సులువు."

వాణి కల్లంలోకి దిగి, కెమెరాకూ వానకూ ఏ సంబంధమూ లేదని అరగంట వివరించింది. అందరూ శ్రద్ధగా విన్నారు. మర్నాడు భూపతి లెన్సు తుడుద్దామని కెమెరా బయటికి తీస్తేనే పసుపంతా కప్పేశారు.

ఆ మరుసటి ఏడాది నుంచి భూపతి కొత్త మాట మొదలుపెట్టాడు. పసుపు ఎండే రెండు నెలలూ మబ్బులకు అందం ఉండదట.

"ఎండకాలం మొదట్లనే గద మామా, పెద్ద పెద్ద మబ్బులు లేసేది? నేను చదువుకున్న."

"బుక్కుల ఉంటయేమో. ఆర్మూర్ల ఉండయి."

ముసలితనం వస్తోందని ఇంట్లో అనుకున్నారు. వరసగా రెండేళ్లు ఆ నెలల్లో ఆయన ఒక్క ఫోటో తీయలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ల కింద ఆయన ఒక మబ్బును చూశాడు. అడుగున నిండు సంచులు వరసగా వేలాడుతున్నట్టు ఉందట. ఆ పూట పెళ్లివాళ్లను తీసి తీసి రీలు అయిపోయింది. మనుషుల మీద ఆయనకు నమ్మకం పోయింది అప్పుడే. ఆ మబ్బు కోసం అప్పటినుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఈ మార్చిలో ఒక సాయంత్రం అది వచ్చింది. సిద్ధులగుట్ట మీద బారులు తీరి వేలాడుతోంది. దిగే పొద్దు తగిలి ఒక్కో సంచీ పసుపు ముద్దలా ఉంది. వాణి పిల్లను చంకనేసుకుని డాబా మీద నిలబడి, ఉరుముల కోసం చెవులు రిక్కించి, గాలి దిక్కు చూసి, ఫోన్‌లో రెండుసార్లు సరిచూసుకుని, అప్పుడు కేకేసింది.

"మామా, జల్ది రా. నీ మబ్బొచ్చింది."

భూపతి మెడలో కెమెరాతో పరుగున వచ్చాడు. పైకి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"తియ్యి మామా. గదే గద?"

"గదే."

"మరి?"

"గంత మంచిగ లేదులే" అన్నాడు, రెప్ప వేయకుండా చూస్తూ. "వానొస్తదా బిడ్డా?"

"రాదు. గాలి అటు పోతున్నది. చుక్క గూడ పడదు."

"మరింకేంది" అన్నాడు, గడ్డంతో కిందికి చూపిస్తూ.

కల్లంలో సాయవ్వ అప్పుడే పసుపంతా తిరగేసి, టార్పాలిన్ చుట్టకు ఆనుకుని మోకాళ్లు ఒత్తుకుంటోంది. చూపు మాత్రం డాబా మీదే.

"నేను కెమెరా లేపితే గామె లేస్తది" అన్నాడు భూపతి మెల్లగా.

కింది నుంచి కేక వచ్చింది. "ఓ భూపతీ, ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదక్కా. కూసో."

వాణికి ఫోటోల్లేని ఆ రెండేళ్లూ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. పిల్లను దించి, కల్లానికి కనబడకుండా ఆయన వీపు చాటున నిలబడి, ఫోన్ తీసి ఒక్కటంటే ఒక్క ఫోటో తీసింది.

పొద్దున దాన్ని పెద్దగా ప్రింటు తీయించి స్టూడియో బల్ల మీద పెట్టింది. పైనంతా సంచుల మబ్బు. కింద నడిమధ్యన, చేతులు వెనక్కి కట్టుకుని మెడ పైకెత్తిన ఒక బట్టతల.

భూపతి కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మబ్బు మస్తున్నది వాణీ" అన్నాడు చివరికి. "గీ మనిషే జర అడ్డమొచ్చిండు."