కుంటి గురువు బతికిన ఎపిసోడ్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి సంది చిరాకు. నేను చూసే యానిమేల, అంటే జపాన్ బొమ్మల సీరియళ్లల, సచ్చిపోయినోడు ఎవడన్న మళ్ల లేచొచ్చి హీరోకు బుద్ధి చెప్తే, ఆ ఎపిసోడ్‌కు అక్కడికక్కడ రెండు మార్కులు కోసేదాన్ని. "కథ ముందుకు నడపచేతగాక దయ్యాన్ని పిలిచిండ్రు" అని తిట్టేదాన్ని. గసొంటి దాన్ని ఇయ్యాల ఇది రాస్తున్న. నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి.

మాది పాలకుర్తి దగ్గర ఒక తండా. స్టేషన్ ఘన్‌పూర్‌ల జిరాక్స్ షాపుల పని చేస్త. ఆదివారం సెలవు. జపానోళ్ల కొట్లాటల యానిమే ఒకటుంది, ఐదారు వందల ఎపిసోడ్లు దాటినా అయిపోదు. వారానికొకటి వస్తది. ఒక్కో ఎపిసోడ్ చూసి, ఫోన్ల రివ్యూ రికార్డు చేసి నా చానెల్ల పెడత. కొట్లాట ఎట్లుంది, పాత సీన్లే మళ్ల చూపెట్టి ఎన్ని నిమిషాలు మింగిండ్రు, పదికి ఎన్ని మార్కులు, గిట్ల. "అక్కా, గిదేం భాష" అని ఎవరన్న ఎక్కిరిస్తే, "నీకు సమజైంది కదా, ఇంకేం గావాలె" అని జవాబు పెడత.

రికార్డు చేసే ముందు నాకొక అలవాటు. ఎపిసోడ్ కథంత మా బాపుకు చెప్పాలె. మా ఇంట్ల లంబాడి మాట్లాడుతం. లంబాడిల చెప్తే ఆ కథల అసలు సరుకు ఎంతుందో బయటపడ్తది. బాపు ఎక్కడ ఆవలిస్తే రివ్యూల అక్కడ కోత.

బాపు జిందగీల యానిమే చూడలే. కానీ అందుల హీరోకు కత్తి నేర్పే కుంటి గురువంటే ఆయనకు పానం. బాపుకు గూడ ఒక కాలు సరిగ పడకపోయేది. "మావోడు ఏం జేసిండు ఈ వారం?" అని అడిగేటోడు. హీరో సంగతి అడగనే అడగకపోయేది.

రెండేండ్ల కింద బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట మొత్తానికే పోయింది, గొంతుల నుంచి చిన్న సప్పుడు గూడ రాకపోయేది. ఆయనకు మన మాటలు సమజైతున్నయా లేదా అన్నది చెప్పలేం అన్నడు డాక్టరు. ఆ ఒక్క మాట నన్ను కొరుక్క తిన్నది.

అయినా ప్రతి ఆదివారం పగటీలి మంచం పక్కన కూసొని చెప్పుడు బంద్ చేయలే. బాపు రేకుల దిక్కు చూసుకుంట పండేటోడు. ఆవలింత లేదు, నవ్వు లేదు. వింటున్నడా, నేను ఉత్త గోడకు చెప్తున్ననా? ఒక్కొక్కసారి కోపమొచ్చి, "జర కన్ను అన్న కొట్టు బాపూ" అని లొల్లి పెట్టేదాన్ని. పాపం, ఆయన మీద కోపం ఏం జేస్తది?

గట్లుండంగ కుంటి గురువు సచ్చిపోయే ఎపిసోడ్ వచ్చింది. మస్తు తీసిండ్రు. మ్యూజిక్ మొత్తం ఆపేసి, ఉత్త ఊపిరి సప్పుడు వినిపిచ్చిండ్రు. రివ్యూల పదికి పది ఇచ్చిన, అంతకుముందు ఏ ఎపిసోడ్‌కూ ఇయ్యలే.

బాపుకు మాత్రం చెప్పలేకపోయిన. నోరు రాలే. అబద్ధం చెప్పిన. గురువుకు కత్తి దిగింది గని సావలేదని, పక్కనున్న మిర్చి చేన్ల పడిపోయిండని చెప్పిన. జపాన్ కథల మిర్చి చేను ఎక్కడిది అని అడగకుండ్రి, నాకు ఆ గడియకు గదే తోచింది. ఏటా మా తండా సగం మిర్చి ఏరనీకే పోతది మరి. చేన్ల ఏరే ఆడోళ్లు గురువు మీద మిర్చి బస్తాలు కప్పిండ్రు, వెతుక్కుంట వచ్చిన దుష్మన్లు ఘాటుకు తుమ్ముకుంట తుమ్ముకుంట ఉరికిండ్రు, ఒకామె గురువుకు జొన్నరొట్టె పెట్టింది. గిట్ల ఒక్కసారి అల్లిన అబద్ధాన్ని ఎనిమిది వారాలు నడిపిన. చానెల్ల అసలు కథ, మంచం పక్కన నా కథ.

ఈ కథ రికార్డు చేయలే, రాయలే, ఎవలకూ చెప్పలే. సిగ్గనిపిచ్చేది. మా యాడి, అంటే మా అమ్మ, ఆదివారం గూడ కూలికి పోయేది కాబట్టి ఆమెకు గూడ ఎరుకలేదు.

ఎనిమిదో వారం గురువును ఒక వాగు ఒడ్డు దాక తెచ్చిన. శిష్యుడు, అదే హీరో పిలగాడు, వస్తడని ఆయన ఎదురుచూస్తున్నడు. మిగిలింది వచ్చే ఆదివారం అన్న. ఆ వారంలనే బాపును మానుకోట దవాఖానల షరీఖు చేసినం. కిటికీ పక్క మంచం. ఐదో రోజు పోయిండు. ఆ ఐదు రోజులల్ల నేను కథ ఊసే ఎత్తలే.

నెల దాటినంక యాడి తండా ఆడోళ్లతోని భూపాలపల్లి దిక్కు మిర్చి ఏరనీకే పోయింది. ఆమె బీపీ గోలీలు ఇంట్లనే మరిచింది. ఇయ్యనీకే షాపుకు సెలవు పెట్టి పోయిన. నేను పోయేసరికి అన్నం యాళ్ల అయింది. చేను గట్టు మీద పదిమంది ఆడోళ్లు సద్దులు ఇప్పుకొని కూసున్నరు. నన్ను గూడ కూసోబెట్టి రొట్టె చేతుల పెట్టిండ్రు.

అండ్ల ద్వాలి అని ఒకామె, మానుకోట దిక్కు తండా ఆమె, నాకు కొత్త. తినుకుంట కథ చెప్తున్నది. కత్తి నేర్పే ఒక కుంటి ముసలాయన ఉన్నడట. దెబ్బ తిని మిర్చి చేన్ల పడ్డడట. ఆడోళ్లు బస్తాలు కప్పిండ్రట. దుష్మన్లు తుమ్ముకుంట ఉరికిండ్రట.

నా చేతుల రొట్టె చేతులనే ఉంది. జొన్నరొట్టె గూడ వచ్చింది. అన్నీ నేను చెప్పిన వరుసలనే వస్తున్నయి. యాడి దిక్కు చూసిన. ఆమె కొత్త కథ విన్నట్టు నోరు తెరిచి వింటున్నది.

వాగు ఒడ్డు వచ్చింది. నేను ఆపింది అక్కడ్నే. ద్వాలి ఆపలే.

నా కథల శిష్యుడు పిలగాడు. ద్వాలి కథల వాగుకు వచ్చింది ఒక ఆడపిల్ల. ఆమెతోని గురువు అన్నడట: "నేను బతకలే బిడ్డా. చేన్ల పడ్డ కాడ్నే పోయిన. నువ్వు అబద్ధం చెప్పిననాడే నీ గొంతు పట్టి ఎరుకపట్టిన. నాకెరుకే అన్నట్టు కనవడితే నువ్వు చెప్పుడు ఆపుతవని సప్పుడు చేయలే."

ఈ కథ నీకు ఎవరు చెప్పిండ్రు అక్కా అని అడిగిన.

వాళ్లాయనకు జరమొస్తే మానుకోట దవాఖానల ఉన్నరట. కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన, మన లంబాడాయననే, పగటీలి కూసొని చెప్పిండట. కుడిచేయి ఒళ్లె పెట్టుకొని, ఎడమచేయి ఊపుకుంట. మాట ఎట్లుండె అని అడిగిన. మంచిగనే ఉండె, గట్టిగనే చెప్పిండు, నాకు నవ్వాగలే అన్నది.

వాళ్లాయన దవాఖాన కాయితం కూలోళ్లు పండే గుడారంల మందుల సంచిల ఉంటే తెప్పిచ్చి చూసిన. కాయితాలు చదువుడే నా రోజు పని, తారీఖు తప్పు చదవ. ఆయన దవాఖానల చేరింది మా బాపు పోయిన రెండు రోజులకు. మూడుసార్లు చూసిన.

ఈ సంగతి నేను అన్ని తీర్ల ఆలోచించిన. నిద్రల ఏమన్న కలవరిచ్చిన్నా, ఎవరన్న తలుపు కాడ విన్నరా అని. అయినా ఆ ఒడ్డు కాడి మాటలు నేను అననే అనలే, ఎవరు వింటరు? ఆ మంచం మీద ఇంకో ముసలాయన ఉన్నడేమో, ఉంటే ఆయనకు ఎట్ల ఎరుక? నాకు ఇప్పటికీ సమజ్ కాదు. దయ్యం అనడానికి నోరు రాదు, కాదనడానికి గూడ రాదు.

ఆ రోజు కాయితం మడిచి ద్వాలి చేతుల పెట్టి, తర్వాత ఏమైందక్కా అని అడిగిన.

"ఏమో అమ్మా, ఆయన గంతవరకే చెప్పిండు. మిగిలింది నా బిడ్డకు ఎరుక, ఆమెను అడుగుండ్రి అన్నడు" అన్నది.

నేను బోరున ఏడ్చిన. ఆ ముసలాయన మా బాపు అని చెప్పిన. యాడి నా భుజం పట్టుకున్నది. మేస్త్రీ పనికి లేవమని కేకేసిండు. ఒక్కరు గూడ లేవలే, అందరు నా మొఖమే చూస్తున్నరు. కండ్లు తుడుచుకొని, వాగు ఒడ్డు కాడి నుంచి చెప్పుడు షురూ చేసిన.