సగటు మీద నేను పెట్టని సంతకం

నేను సోషియాలజీలో ఎమ్మే పూర్తిచేసిన ఏడాది, గనుల పని జోరుగా సాగుతున్న రోజుల్లో, బస్తర్‌లో ఒక సంస్థ చేసే సర్వేలో ఉద్యోగం దొరికింది. మా నాన్న కిరండూల్ లైన్లో రైల్వే గ్యాంగ్‌మన్. విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. గోండీ తడబడుతూ మాట్లాడేదాన్ని. ఈ భాషల కోసమే నన్ను తీసుకున్నారని నాకు తెలుసు.

ఒక పల్లెలో ఇంటింటికీ వెళ్లి తాగునీటి గురించి అడగాలి. జవాబులన్నీ అంకెల్లోనే రాయాలి. మాతృభాష హిందీ అయితే ఒకటి, హల్బీ అయితే రెండు, గోండీ అయితే మూడు, ఇంకేదైనా అయితే నాలుగు. నీళ్ల మీద సంతృప్తి అసలు లేకపోతే ఒకటి, పూర్తిగా ఉంటే ఐదు.

ఆ ఊళ్లో రెండు వాడలు. రోడ్డు పక్క వాడలో బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ హిందీవాళ్లు. వాళ్లకు కుళాయిలున్నాయి. వాగు పక్కన గోండీ కుటుంబాలు. వాళ్లందరికీ కలిపి ఒకటే బోరింగు.

వాగు పక్క వాడలో, గోదావరి వైపు తెలుగు మాట్లాడే మద్దేడ్ నుంచి కోడలుగా వచ్చిన ఒకామె ఉంది. తెలుగు విని సంతోషపడి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. సంతృప్తి ప్రశ్న అడిగాను.

"ఏంది బిడ్డా, నీళ్లకు మార్కులేస్తర?"

"అవునక్కా. ఒకటి నుంచి ఐదు దాకా."

"సున్న లేదా?"

"లేదు."

"ఎందుకు లేదు? ఆ నీళ్లు పోసి వండితే అన్నం ఎర్రగైతది. దానికి ఒకటి ఎందుకియ్యాలె? సున్న రాసుకో."

నేను ఒకటి రాసి, పక్కన ఖాళీలో 'సున్నా అడిగింది' అని రాశాను. ఆ రోజు వాడలో చివరి ఇంటి నుంచి బోరింగు దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాను కూడా. ఫారంలో ఆ ప్రశ్న లేదు. అయినా ఆ అడుగులు నిజమైన కొలత అని నాకు తోచింది. నాలుగు వందల అడుగులు రెండు వందలకు రెట్టింపే. నాలుగో నంబరు సంతృప్తి రెండో నంబరుకు రెట్టింపని ఎవరు చెప్పగలరు?

జగదల్‌పూర్ ఆఫీసులో మా సూపర్‌వైజర్ అంకెలన్నీ కూడి, భాగించి, ఊరి సంతృప్తి సగటు మూడు అని తేల్చాడు. మూడంటే 'ఫర్వాలేదు'. కింద నన్ను సంతకం చేయమన్నాడు.

"సర్, మూడు అన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు," అన్నాను హిందీలో. "రోడ్డు పక్కన అందరూ ఐదు. వాగు పక్కన అందరూ ఒకటి."

"సగటంటే అంతే కదా."

"అయితే మాతృభాషకు కూడా తీయండి."

ఆయన విసుక్కుంటూనే తీశాడు. హిందీవాళ్లు ఒకట్లు, గోండీవాళ్లు మూళ్లు. సగటు దాదాపు రెండు వచ్చింది.

"రెండంటే హల్బీ," అన్నాను. "ఆ ఊళ్లో ఇంట్లో హల్బీ మాట్లాడే మనిషే లేడు. భాషకిచ్చిన అంకె ఉత్త గుర్తు. సంతృప్తికిచ్చింది ఎక్కువ తక్కువలు చెప్పే ఉత్త వరుస. ఏ అంకె ఎంతమంది చెప్పారో, ఏ వాడలో చెప్పారో విడిగా రాద్దాం."

"టేబుల్లో ఉన్నది ఒకటే గడి. సంతకం పెట్టు. లేదా రేపటి నుంచి రావద్దు."

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ, "ఆ సంతకం నీదేనేటి?" అంది.

"నాదే."

"మరి నీకిష్టం నేకపోతే ఎందుకెట్టడం?"

నేను పెట్టలేదు. ఆయన ఇంకొకరితో పెట్టించుకున్నాడు. నేను ఒక కాగితం మీద ఎవరి పేరూ రాయకుండా, రెండు వాడల లెక్కలు విడివిడిగా, కింద నా అడుగుల లెక్క రాసి, మద్దేడ్ ఆమె చేతిలో పెట్టాను. వాడ ఆడవాళ్లు దాన్ని తీసుకుని దంతెవాడలో తాగునీటి ఆఫీసుకు బయలుదేరారు. బస్సులో వాళ్లతో పాటు నేనూ ఎక్కాను.

అక్కడి అధికారి తన దగ్గరికి చేరిన సర్వే రిపోర్టు తిరగేసి, మీ ఊరికి మూడొచ్చింది కదా అన్నాడు. ఆయన హిందీని నేను మద్దేడ్ ఆమెకు తెలుగులో చెప్పాను. ఆమె మిగతావాళ్లకు గోండీలో చెప్పి ముందుకొచ్చింది.

"ఆ మూడన్నోళ్లను పిలిపియ్యుండ్రి సారు. మేం గూడ చూస్తం."

నేను ఆ మాటను పొల్లు పోకుండా హిందీలో చెప్పాను. ఆయన చాలాసేపు నా కాగితం చదివాడు. తర్వాతి వారం ఒక ఇంజనీరు వచ్చి వాగు దాకా నడిచి చూసి వెళ్లాడు. కుళాయి మాత్రం రెండో ఎండాకాలానికి గానీ రాలేదు.

ఆ సంస్థ నన్ను మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. ఏడాదిపాటు ఖాళీగా ఉన్నాను. ఆ ఖాళీకి నేను ఒక్కరోజు కూడా చింతించలేదు.